తల ఆగని కుర్రాడు

మూడింటి లోపల చెప్పెయ్, అవునో కాదో, ఒక్క మాట చాలు, అన్నాడు జట్టు మేనేజరు కాస్‌వెల్ ఫోనులో. ఒక్క మాట చాలట. ఆ ఒక్క మాట కోసం రెండేళ్ళుగా ఈ కుర్రాడి వెనక ఊరూరా తిరిగి, దారి పక్క హోటళ్ళలో చల్లారిన కాఫీ తాగి, నడుం పట్టేసే మంచాల మీద పడుకుని, తీరా చెప్పాల్సిన రోజు వచ్చేసరికి వెర్లిన్ స్టకీకి నోరు పెగలడం లేదు. పైనుంచి నాలుగో వరస, మూల కుర్చీ, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఎదుటి గోడ మీది గడియారం రెండూ పది చూపిస్తోంది. కింద మార్బరీ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళు సాయంత్రం ఆటకి ముందు ఒళ్ళు వెచ్చబెట్టుకుంటున్నారు, బంతులు చెక్క నేల మీద ఆగకుండా మోగుతున్నాయి, బయట ఇండియానా ఫిబ్రవరి, కరిగీ కరగని మంచు, మెట్ల మీద చల్లిన ఉప్పు జోళ్ళకి అంటుకుని లోపలిదాకా వచ్చింది. ఇవాళ మూడింటితో పెద్ద జట్లు ఆటగాళ్ళని ఒకరితో ఒకరు మార్చుకునే గడువు అయిపోతుంది. తన జట్టులో పదేళ్ళుగా ఆడుతున్న మంచి ఆటగాణ్ణి వదులుకుని, జూన్‌లో కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వరసలో ముందుకి జరగాలని కాస్‌వెల్ ఆలోచన. ఆ ముందు చోటు ఉంటే తప్ప జావియన్ టిబ్స్ చేతికి దొరకడు. నువ్వు చూశావు కదా ముసలాయనా, నువ్వు సరే అంటే సరే, అన్నాడు. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని చూసి, వీడు పెద్ద జట్టులో నిలుస్తాడు, వీడు నిలవడు అని తేల్చడమే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వెర్లిన్ బతుకుతెరువు.

బంతిని చూడకు, దాన్ని అందరూ చూస్తారు. కాళ్ళు చూడు, నడుం చూడు, బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడు, కోచ్ తిడుతున్నప్పుడు నీళ్ళ సీసా ఎలా పట్టుకున్నాడో చూడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి అతను చెప్పే మాటలివి, చెప్పీ చెప్పీ తనకే విసుగొచ్చిన మాటలు. మేరిబెత్ విడిపోతూ అన్నది కూడా అదే, కట్టుకున్నదాన్ని కూడా బెంచీ మీద ఆటగాణ్ణి చూసినట్టు చూస్తావు నువ్వు, అని. తప్పేం అనలేదు పాపం. అలా చూసి చూసే రెండేళ్ళ కిందట, ఈ కుర్రాడు కాలేజీలో చేరిన మొదటి చలికాలంలో, ఇదే కుర్చీలో కూర్చుని రాశాడు: వీడి తల ఆగదు. బంతి చేతికి అందకముందే కోర్టంతా చదివేసి ఉంటాడు. నేర్పితే వచ్చేది కాదిది, పుట్టుకతో రావాలి. జట్టుని నడిపే పాయింట్ గార్డ్‌కి అంతకన్నా ఏం కావాలి. ఐదుగురిలో బంతిని ముందుకి తీసుకొచ్చేవాడు వాడే, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చేవాడు వాడే, మిగతా నలుగురూ వాడి కళ్ళతోనే ఆడతారు. ఆ మూడు వాక్యాలూ కాస్‌వెల్‌కి తెగ నచ్చేశాయి, కడుపులో దాచుకోలేక ఒక పత్రికవాడికి చదివి వినిపించాడు, పేరుతో సహా అచ్చయింది. అక్కణ్ణుంచి టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు, మిగతా జట్ల తరఫున వచ్చి ఇదే వరసలో కూర్చునే స్నేహితులు, అందరూ అదే మాట. ఆగని తల, ఆగని తల. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతను రాసిన మాట ఒకటి జనం నోట్లో పడింది అదొక్కసారే. వినబడినప్పుడల్లా చొక్కా సర్దుకునేవాడు, అబద్ధమెందుకు.

ఇప్పుడు కింద ఆ తల తిరుగుతోంది. సహాయ కోచ్ డోర్సీ, పొట్టిగా బలంగా ఉంటుంది, ఒకప్పుడు తనూ ఆడినదే, ఎడమ మూల నుంచి బంతి విసురుతోంది, జావియన్ అందుకుని గెంతి వేస్తున్నాడు, వల చప్పుడు. మళ్ళీ ఎడమ నుంచి, మళ్ళీ వల. మోచెయ్యి ఎంత శుభ్రంగా ఉంది, మణికట్టు ఎంత మెత్తగా వాలుతోంది, చూడముచ్చటగా ఉంది, సరే అనెయ్యి, ఫోను తీసి సరే అనెయ్యి, పోయేదేముంది. డోర్సీ కుడివైపుకి మారింది. విసిరింది. అందుకున్నాడు, వేశాడు. ఏదో తేడాగా ఉంది. చెప్పులో రాయిలాంటి తేడా, చిన్నదే, కాలు పెట్టినప్పుడల్లా తగులుతుంది. ఏమిటది, నడుమా, కాదు, పాదాలా, కాదు. డోర్సీ మళ్ళీ ఎడమకి వెళ్ళింది, విసరబోతోంది, ఇంకా చెయ్యి పైకైనా ఎత్తలేదు, జావియన్ గడ్డం అప్పటికే ఎడమ భుజం మీదకి వచ్చేసి ఉంది. తల మొత్తం తిప్పేశాడు, పక్కింటి పిలుపు విన్నవాడిలా. కుడివైపు నుంచి వచ్చినప్పుడు తిప్పలేదు. కుడివైపు కంటి కొసతో చూశాడు, అందరూ చూసినట్టే. వెర్లిన్ కుర్చీలో ముందుకి జరిగాడు. తల ఆగదు అని రాశాడు గాని ఎటువైపు ఆగదో రాయలేదు, అసలు చూసుకోలేదు, చూడ్డమే వృత్తిగా పెట్టుకున్న పెద్దమనిషి.

ఇందాక కింద, బట్టలుతికే గది దగ్గర ఓపల్ ఏమంది? ఏ కాలేజీకి వెళ్ళినా ముందు అక్కడికే వెళతాడు. కోచ్‌లు అబద్ధం చెబుతారు, వాళ్ళ కుర్రాళ్ళు కదా, జెర్సీలు ఉతికేవాళ్ళకి ఆ అవసరం లేదు. ఎవడు బట్టలు విసిరేస్తాడో ఎవడు మడిచి ఇస్తాడో వాళ్ళకే తెలుసు. ఓపల్‌కి డెబ్బై దగ్గర పడింది, అతన్ని చూడగానే, వచ్చావా పశువుల సంతగాడా, ఇవాళ ఎవడి పళ్ళు లెక్కపెడతావు, అంది. టిబ్స్ ఎలాంటివాడు అని అడిగితే, బంగారం, అంది, తువ్వాలు చేతికిచ్చి మరీ థాంక్స్ చెబుతాడు, కాకపోతే నా భుజానికి వాడితో పడి చస్తున్నాను, ఈ నడవలో ఎదురొచ్చిన ప్రతిసారీ గుద్దుకుంటాడు, దున్నపోతులా పెరిగాడు ఎటు చూసి నడుస్తాడో, మెట్లు దిగేటప్పుడు మాత్రం ముసలోళ్ళలా గోడ పట్టుకుని దిగుతాడు, నవ్వొస్తుంది చూస్తే, అంది. వెర్లిన్ కూడా నవ్వాడు. నోటుబుక్కు తీసి, పనివాళ్ళతో మర్యాదగా ఉంటాడు, అని రాసుకున్నాడు. ఏ భుజం అని అడగలేదు. ఏ పక్క గోడ అని అడగలేదు. ఇప్పుడు అడగక్కర్లేదు.

వద్దు, అటు పోకు, అని తనకి తనే చెప్పుకున్నాడు గాని మనసు చెప్పిన మాట వినే రకమైతే ఈ వయసుకి ఇలా ఉండేవాడు కాదు, అది అప్పుడే గ్యారీ ఊళ్ళో ప్రూయిట్ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. పందొమ్మిదేళ్ళ కిందటి మాట. ఉక్కు కార్ఖానా పొగ కిటికీ తెరలకి పట్టి ఉంది, పొయ్యి మీద నూనెలో చేప వేగుతోంది, కోర్డెల్ ప్రూయిట్ అమ్మ ఎర్లీన్ అతని పళ్ళెంలో మూడోసారి ముక్క వేసి, మొహమాటపడకండి స్టకీ గారూ, మీరు మా వాడి కోసం ఇంత దూరం వచ్చారు, అంటోంది. కోర్డెల్ పాయింట్ గార్డే, వీడికన్నా మంచివాడు, ఇప్పటికీ అంటాడు ఆ మాట, వీడికన్నా చాలా మంచివాడు, బంతి వాడి చేతికి అతికించినట్టు ఉండేది. వాడు స్నానానికి వెళ్ళాడు. ఎర్లీన్ గొంతు తగ్గించి, మీతో దాపరికం ఎందుకు, పద్నాలుగో ఏట వాడికి ఫిట్స్ వచ్చాయి రెండుసార్లు, మాత్రలేసుకుంటున్నాడు, ఆరేళ్ళయింది మళ్ళీ రాలేదు, దేవుడి దయ, మీరు వాణ్ణి చూసుకుంటారని చెబుతున్నా, అంది. చూసుకుంటారని. చేప తిని, చెయ్యి కడుక్కుని, కారులోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఇంజిను కూడా తిప్పకుండా రాశాడు. మూర్ఛ. ఇంట్లో దాస్తున్నారు. అబద్ధం కాదు, అక్షరం అబద్ధం కాదు, ఆ రాత అతని జట్టు గోడలు దాటి పన్నెండు జట్లకి పాకింది, ఎలా పాకిందో ఎవరూ చెప్పరు, జూన్ నెల ఎంపిక రోజున ప్రూయిట్ వాళ్ళింట్లో చుట్టాలంతా టీవీ చుట్టూ కూర్చుని, ఒక్కొక్క పేరూ చదువుతుంటే, అరవై పేర్లు, అరవై మంది అయిపోయాక కోర్డెల్ లేచి కుర్చీలు సర్దాడట. ఎర్లీన్ చెప్పింది అది, ఆ తరవాత ఏడేళ్ళకి.

ఏడేళ్ళు లారీలకి సరుకు ఎత్తాడు. మాత్రలు మానేశాడు. ఒక ఆగస్టు మధ్యాహ్నం మిచిగాన్ సరస్సులో ఈతకి దిగి తిరిగి రాలేదు. నీళ్ళలో ఫిట్స్ వచ్చాయో, తనే రాదల్చుకోలేదో ఎవరికీ తెలియదు. వెర్లిన్‌కి మరీ తెలియదు, తెలియనిదాన్నే పన్నెండేళ్ళుగా మోస్తున్నాడు. అంత్యక్రియలకి ఎందుకు వెళ్ళాడో కూడా తెలియదు. చర్చి కింది గదిలో పెద్ద బల్ల మీద భోజనాలు పెట్టారు, ముఖం చెల్లక గోడ పక్కన నిలబడితే ఎర్లీన్ తనే పళ్ళెం తెచ్చింది. ఆమె తిట్టి ఉంటే బతికిపోయేవాడు. మాంసం ముక్కా, బంగాళాదుంపల కూరా సర్ది, చేతిలో పెట్టి, తినండి, కిందటిసారి మా ఇంట్లో కూడా బాగా తిన్నారు, అంది. తిన్నాడు. ఆమె చూస్తుండగా ఆ పళ్ళెం ఖాళీ చేశాడు. ఆ రోజునుంచి ఒక నియమం పెట్టుకున్నాడు, వంటింట్లో విన్నది రాయకూడదు, ఆటస్థలంలో కంటితో చూసింది మాత్రమే రాయాలి. ఇంకొకటి కూడా పెట్టుకున్నాడు, నియమం అని చెప్పుకోలేదు గాని, కుర్రాళ్ళ గురించి మంచి మాట దొరికితే దాన్ని వదలకుండా రాయడం. ఒకడి మీద రాసినదానికి పరిహారం ఇంకొకడి మీద. ఆ పరిహారంలో భాగమే ఆగని తల.

పళ్ళెం, చేప, నీళ్ళు, అన్నీ పక్కకి నెట్టి కిందకి చూశాడు. రెండూ ఇరవై ఎనిమిది. అవతలి బుట్ట దగ్గర ఎవడో వేసిన బంతి కమ్మీకి తగిలి ఎగిరి, నేల మీద దొర్లుకుంటూ ఇటు వస్తోంది, తొందరేమీ లేకుండా, ఎడమవైపు నుంచి. జావియన్ నిలబడి డోర్సీ చెప్పేది వింటున్నాడు. పక్కన ఉన్నవాడు కాలు పక్కకి తీశాడు, ఇంకొకడు గెంతాడు, చిన్నపిల్లలకైనా కనబడేంత నెమ్మదిగా వచ్చిన ఆ బంతి జావియన్ చీలమండకి తగిలింది, వాడు పాము తాకినట్టు ఎగిరిపడ్డాడు. అందరూ నవ్వారు. ఏరా, తల ఆగిందా, అన్నాడు ఒకడు. జావియన్ కూడా నవ్వాడు, అందరికన్నా గట్టిగా, అందరికన్నా ఎక్కువసేపు. ఆ నవ్వు చూడగానే వెర్లిన్‌కి ఇక సందేహం మిగల్లేదు. ఎడమ పక్క కనబడదని కుర్రాడికి తెలుసు.

అప్పుడు రెండేళ్ళ ఆటలన్నీ వెనక్కి తిరిగి వరస కట్టాయి. కిందటి డిసెంబరులో ఎడమవైపు నుంచి వచ్చినవాడు బంతి తన్నుకుపోతే, తోటివాడు హెచ్చరించలేదు అని రాశాడు, తప్పు తోటివాడి మీదకి తోశాడు. జనవరిలో ఎడమ మూల నుంచి వచ్చిన బంతి చెవికి తగిలితే, విసిరినవాడిది తొందర, అని రాశాడు. ఎడమవైపు ఆడే ఆ పొడుగు కుర్రాణ్ణి జావియన్ పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాడు ఆటంతా, ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్ అని, దానికి నాయకత్వ లక్షణం అని పేరు పెట్టాడు, రెండుసార్లు కింద గీత కూడా గీశాడు. లోపం అనే మాట అతని కలంలోంచి రాలేదు, అన్నింటికీ ముందే ఒక అందమైన పేరు సిద్ధంగా ఉంది. ఒకసారి ఒక మాట రాశాక ఇక కళ్ళు చూసేది ఆ మాటనే, మనిషిని కాదు. ఇది ఈ వృత్తిలో అందరూ చేసే తప్పే, అందరికీ తెలిసిన తప్పే, కొత్తవాళ్ళకి తనే హెచ్చరిక చెబుతాడు, మీ పాత రాతని ప్రేమించకండి అని. చెప్పడానికేం, చెబుతాడు.

సరే అంటే? మే నెలలో ఎలాగూ జట్టు డాక్టర్లు చూస్తారు, వాళ్ళు పట్టుకుంటే పట్టుకుంటారు, నీకెందుకు, నీ పని కాళ్ళూ నడుమూ చూడ్డం. పట్టుకోకపోనూ వచ్చు. అక్షరాల బోర్డు బట్టీ పట్టే కుర్రాళ్ళు తక్కువా. రెండేళ్ళు ఆడతాడు, పేరు వస్తుంది, ఇల్లు కొంటాడు తల్లికి, ఆ తరవాత ఏ మోచెయ్యో కనబడని పక్కనుంచి వచ్చి ముఖం పగలగొడుతుంది, లేదా కన్నే పోతుంది, ఒక కన్నో రెండో. ఈలోగా కాస్‌వెల్ పదేళ్ళుగా ఉన్న ఆటగాణ్ణి వదులుకుని ఉంటాడు నీ మాట మీద. కాదు అంటే? ఎందుకు అంటాడు. ఎందుకో చెబితే అది సాయంత్రానికి పన్నెండు జట్లకి తెలుస్తుంది, గోడలకి చెవులే కాదు ఈ వ్యాపారంలో నోళ్ళు కూడా ఉన్నాయి, జూన్‌లో ఇంకో ఇంట్లో చుట్టాలు టీవీ ముందు కూర్చుంటారు, ఇంకో కుర్రాడు లేచి కుర్చీలు సర్దుతాడు. పక్క కుర్చీలో కోర్డెల్ ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, వెర్లిన్ అటు చూడలేదు, చూడకుండానే తెలుస్తుంది, తడిసిన బట్టల చల్లదనం మోచేతికి తగులుతుంది, ఎప్పుడూ ఒక్క మాటా అనడు, ఆట చూస్తూ కూర్చుంటాడు. ఏం చెయ్యమంటావురా, అన్నాడు వెర్లిన్ పైకే. ముందు వరస తుడుస్తున్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు. వెర్లిన్ దగ్గినట్టు నటించాడు.

రెండూ నలభై. సాధన అయిపోయింది, కుర్రాళ్ళు తువ్వాళ్ళు మెడలో వేసుకుని లోపలికి వెళ్ళిపోతున్నారు, డోర్సీ కూడా వెళ్ళింది. జావియన్ మాత్రం గీత దగ్గర ఉండిపోయాడు, రోజూ చివర్లో ఎవరూ అడ్డులేని ఫ్రీ త్రోలు వంద వేస్తాడు ఒక్కడే. ఆడే రోజుల్లో తనలా ఆటగాళ్ళని తూచేవాళ్ళు వాళ్ళతో మాట్లాడకూడదు, అది అందరూ పాటించే మర్యాద, వెర్లిన్ ఎన్నడూ తప్పలేదు. తను తూచిన నాలుగువందల చిల్లర కుర్రాళ్ళలో ఒక్కడి గొంతైనా సరిగ్గా విన్నాడా అంటే లేదు. లేచాడు. మోకాళ్ళు కిర్రుమన్నాయి. మెట్లు దిగుతుంటే, ఎక్కడికి పోతున్నావు ముసలోడా, అని తనే అడుగుతున్నాడు, కాళ్ళు జవాబు చెప్పడం లేదు. కావాలనే ఎడమవైపు నుంచి వెళ్ళాడు. పది అడుగులు, ఐదు, రెండు. చెయ్యి చాస్తే భుజం తగిలేంత దగ్గర నిలబడ్డాడు. జావియన్ బంతిని మూడుసార్లు నేలకి కొట్టి, ఊపిరి వదిలి, వేశాడు. బంతి వలలోంచి రాలి వాడి దగ్గరికే వచ్చింది, వంగి తీసుకున్నాడు, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నాడు. పక్కన ఒక మనిషి ఉన్నాడని వాడికి తెలియలేదు. దేవుడా, అనుకున్నాడు వెర్లిన్.

"జావియన్."

కుర్రాడు ఉలిక్కిపడి తల మొత్తం తిప్పాడు. "అబ్బ, భయపెట్టేశారు! ఎప్పుడొచ్చారు సర్? మీరు మాతో మాట్లాడకూడదు కదా?"

"కూడదు. ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి ఎన్నాళ్ళనుంచి?"

వెర్లిన్ తన ఎడమ కంటి పక్కన వేలు పెట్టి చూపించాడు. కుర్రాడి ముఖంలో నవ్వు వచ్చింది, ఇందాకటి నవ్వే. "భలేవారే. నేనంతా చూస్తాను సర్. ఎవరినైనా అడగండి. నా తల ఆగదు."

"ఆ మాట రాసింది నేనేరా నాయనా."

"తెలుసు. వెర్లిన్ స్టకీ. పేపర్లో పేరుంది కదా." నవ్వు వాడికి తెలియకుండానే జారిపోయింది. బంతిని పొట్టకి ఆనించుకుని దాని మీది గీతలు చూశాడు. "ముందు అమ్మ కనిపెట్టింది. తలుపులకి గుద్దుకుంటున్నానని. మా నానమ్మకి నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయాయి సర్, ఇది మా ఇంట్లో ఉన్నదే, అందుకని అమ్మ భయపడింది. కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకుంది. అదే వారం మీరు రాసింది అచ్చయింది. మా కోచ్ అందరిముందూ నిలబెట్టి చదివాడు. నేను అమ్మకి ఫోన్ చేసి, డాక్టరూ వద్దు గీక్టరూ వద్దు, ఇది జబ్బు కాదమ్మా, పుట్టుకతో వచ్చిన వరం అని పెద్దాయన రాశాడు అన్నాను. అమ్మ ఏడ్చింది, సంతోషంతో. డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. ఆ తరవాత నిజం తెలిశాక వెళ్ళడానికి భయమేసింది."

కోర్డెల్ విషయంలో అతను రాసింది నిజం. నిజం కదా అన్న ఒక్క ఆసరా ఉండేది పట్టుకోవడానికి, పందొమ్మిదేళ్ళుగా దాన్నే పట్టుకుని వేలాడాడు. ఇది అదీ కాదు. ఇది పొగడ్త. చుక్కల మందు వేసుకుంటే ఆగిపోయే జబ్బుని ఒక పొగడ్త రెండేళ్ళు పెంచి పోషించింది. ఏడవాలనిపించింది, ఏడిస్తే కుర్రాడు భయపడతాడని ఊరుకున్నాడు. జేబులో ఫోను మోగింది. కాస్‌వెల్. రెండూ యాభై రెండు.

"చెప్పు ముసలాయనా. అవతలివాళ్ళు ఇంకో లైనులో ఉన్నారు. అవునా కాదా?"

"కాదు."

"ఏంటి కాదు? రెండేళ్ళుగా నా చెవిలో ఊదింది నువ్వే కదయ్యా? ఏమైంది, కాలు విరిగిందా?"

"నేను రాసింది తప్పు. ఆ తల గురించి రాసిన మాట కొట్టెయ్. తప్పు కుర్రాడిది కాదు, నాది. తిట్టుకుంటే నన్ను తిట్టుకో, ఉద్యోగం తీసేస్తే తీసెయ్."

"కారణం చెప్పు. మూడింటికి నేను పైవాళ్ళకి ఏం చెప్పను?"

"స్టకీకి కళ్ళు కనబడ్డం లేదని చెప్పు," అన్నాడు వెర్లిన్, పెట్టేశాడు. మళ్ళీ మోగింది. ఫోను నోరు నొక్కేసి జేబులో పడేశాడు.

జావియన్ అతన్నే చూస్తున్నాడు. కోపం వస్తుందనుకున్నాడు వెర్లిన్, రావాలని కూడా కోరుకున్నాడు, ఎర్లీన్ దగ్గర దొరకనిది ఇక్కడైనా దొరుకుతుందని. వచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు. "అయిపోయింది కదా నా పని," అన్నాడు కుర్రాడు, బంతిని గట్టిగా నేలకేసి కొట్టాడు, అది పైకి లేచి దూరంగా పడి దొర్లింది, వాడు దానికేసి చూడలేదు. "మీరే ఎక్కించారు, మీరే దింపారు. ఎంత తేలిక సర్ మీకు." అని కాసేపు అటూ ఇటూ నడిచి, మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఈసారి గొంతు చిన్నపిల్లాడిది. "కుడివైపు కూడా తిప్పుతున్నానా?"

"ఏంటి?"

"కుడివైపు. నాకు తెలీడం లేదు సర్. ఎడమవైపు కూడా మొదట్లో నాకు తెలీలేదు. ఎవరినీ అడగలేను. మీకు చూడ్డం వచ్చు కదా. చూసి చెప్పండి."

అంత తెలివైన కోచ్‌లు, అంతమంది డబ్బున్న జట్లవాళ్ళు, ఎవరూ అతన్ని ఇలా అడగలేదు. వెర్లిన్ కోటు విప్పి నేల మీద పెట్టాడు. దూరంగా పడిన బంతిని తెచ్చుకుని కుడి మూలకి వెళ్ళాడు. అరవై మూడేళ్ళ చేతులు, అయినా బంతి అందించడం మర్చిపోలేదు, ఒకప్పుడు హైస్కూల్లో తనూ పాయింట్ గార్డే. విసిరాడు. జావియన్ అందుకుని వేశాడు. తిప్పలేదు. రెండోది. తిప్పలేదు. మూడోది విసరబోతుంటే కుర్రాడి గడ్డం కుడి భుజంవైపు కదిలింది, ఒక వేలెడంత. ఊరికే అయ్యుంటుంది, దురద పుట్టి ఉంటుంది. నాలుగోది. మళ్ళీ కదిలింది. ఐదోది. తిప్పలేదు అని చెప్పెయ్, ఎంత తేలిక, ఈ ఒక్క సాయంత్రమైనా వాడు కడుపునిండా అన్నం తింటాడు. చూస్తూ నిలబడ్డాడు. బంతి వలలోంచి పడి ఆగిపోయింది.

"నిజం చెప్పండి," అన్నాడు జావియన్.

"కొంచెం. మొదలైంది. ఇంకా కొంచెమే."

కుర్రాడు తల ఊపాడు, తీర్పు విన్నవాడిలా కాదు, దారి అడిగి తెలుసుకున్నవాడిలా. వెళ్ళి బెంచీ మీది సంచిలోంచి తన ఫోను తీశాడు, రెండుసార్లు తప్పు నొక్కాడు. "అమ్మకి మీరే చెప్పండి సర్. నేను చెబితే మళ్ళీ మీ మాటే నా ముందు పెడుతుంది. మీ మాట మీదే ఆగిపోయింది, మీ మాట మీదే కదులుతుంది." ఫోను చెవికి పెట్టుకుని, "అమ్మా, ఇక్కడ స్టకీ గారున్నారు. ఆ, ఆయనే," అని అతని చేతికిచ్చాడు.

అటునుంచి ఒక్కసారిగా సంతోషం. "బాబూ, మీరా! పొద్దున్నుంచీ గడియారం చూసుకుంటూ కూర్చున్నామండీ, మూడింటికి ఏదో తేలుతుందని టీవీలో చెబుతున్నారు. మీరే స్వయంగా ఫోన్ చేశారంటే మంచి కబురే అయ్యుంటుంది. ఉండండి, ఉండండి, ఒక్క నిమిషం, మా అత్తగారికి కూడా వినబడేలా పెడతాను. ఆవిడ వాడి ఆట ఒక్కటీ చూడలేదు, అన్నీ రేడియోలో వినడమే. అత్తయ్యా, ఇటు రండి, మన జావియన్ గురించి రాసిన పెద్దాయన." కుర్చీ జరిగిన చప్పుడు, నేల మీద చేతికర్ర తట్టుకుంటూ నెమ్మదిగా వస్తున్న చప్పుడు, అది ఆగేదాకా వెర్లిన్ ఆగాడు. జావియన్ బెంచీ మీద ముందుకి వంగి కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

"చెప్పండి బాబూ, వింటున్నాను," అంది ముసలి గొంతు.

వెర్లిన్ చెప్పడం మొదలుపెట్టాడు.